ఇనుమునూ తూస్తారు

కిందటి వారం మనం లక్ష్మణుణ్ణి రాయగడ బడి మైదానంలో, మూడు తెల్ల జెండాల మధ్య నిలబెట్టి వచ్చేశాం. బార్‌ని తలమీదికి లేపి, మోచేతులు బిగించి, కదలకుండా నిలబడ్డాడు. ముగ్గురు రిఫరీలూ జెండాలెత్తారు. ఫెదర్‌వెయిట్ తరగతిలో దేశం మొత్తంమీద అంత బరువు ఇంతవరకూ ఎవరూ లేపలేదని మైకులో చెప్పేసరికి జనం పందిరి గుంజలు ఊడేలా తోసుకొచ్చారు. ఆ సంబరం ఎంతసేపు? బార్‌ని తీసుకెళ్ళి కాటా మీద పెట్టేంతసేపు. రెండువందల నలభై అయిదు పౌన్లు ఉండాల్సిన ఇనుము రెండువందల ముప్ఫై మూడే తూగింది.

తక్కిన పన్నెండు పౌన్లు ఎక్కడికి పోయినట్టు? ఊరు ఈ ప్రశ్నతో అట్టే బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఆ బార్‌నీ ప్లేట్లనీ చందాలు పోగుచేసి కలకత్తా నుంచి తెప్పించింది ఊరి తాలింఖానాలో కసరత్తు నేర్పే ఉస్తాదు, గురువులు అనే ఆయన. కాబట్టి ఆయనే ఆకురాయితో రుద్ది బరువు తగ్గించాడని తేల్చేశారు. గురువులు ఊళ్ళో కుళాయిలు బాగుచేసుకుని బతికే ముసలాయన. తండ్రి పోయిన లక్ష్మణుడికి అన్నం పెట్టి, లంగోటా కట్టించి, బార్ పట్టుకోవడం నేర్పినవాడు. పొద్దున ఆయనకి వంగి దండాలు పెట్టినవాళ్ళే పొద్దుగూకేసరికి ఆయన్ని చూసి ముఖం తిప్పుకున్నారు. మన జనం సంగతి మీకు తెలియంది కాదు.

బరంపురం నుంచి వచ్చిన ప్రధాన రిఫరీ రామలింగం గారు మాత్రం గొంతు పెంచలేదు. ఆయన పూర్వం డ్రిల్లు మాస్టారు. మాట మెత్తన, పని కచ్చితం.

"ఎత్తితే సగం రికార్డేనయ్యా" అన్నారాయన అందరూ వినేలా. "బార్ స్టేజీ దిగకముందే మా ముగ్గురి కళ్ళెదుట తూచాలి. ఎత్తినవాణ్ణి మళ్ళీ తూచాలి. ముగ్గురం సంతకం పెట్టాలి. అప్పుడు గాని తక్కిన సగం రాదు. మా సంతకం చూసి కటకంలో రాష్ట్ర సంఘం వాళ్ళు, కటకం వాళ్ళని చూసి దేశ సంఘం వాళ్ళు ఒప్పుకుంటారు. ప్రపంచ రికార్డయితే సముద్రం దాటి ఇంకో ఆఫీసుకి వెళుతుంది. ఎక్కడికి వెళ్ళినా వాళ్ళెవరూ మళ్ళీ ఈ ఇనుముని తూచలేరు. ఇక్కడ తూచిందే తూకం."

బార్ తక్కువ తూగింది కాబట్టి మనిషిని మళ్ళీ తూచే అవసరమే రాలేదు. రామలింగం గారు బార్‌కి తాడు కట్టించి, లక్క ముద్ర వేసి, స్టేజీ మీదే ఉంచారు. పక్కనే కాటా. రెండింటికీ ఒక కానిస్టేబు కాపలా. ఆయన మర్నాడు మధ్యాహ్నం పాసింజరు రైలెక్కేలోగా ఎవరైనా వచ్చి ఆ పన్నెండు పౌన్ల లెక్క చెబితే సరే. లేకపోతే ప్లేట్లలో మోసం జరిగిందని పైకి రాసేస్తారు. అలా రాస్తే తాలింఖానాకి తాళం పడుతుంది. గురువులు పేరు అన్ని జిల్లాల సంఘాలకీ దొంగ పేరుగా వెళుతుంది. లక్ష్మణుడు మార్చిలో కటకం పోటీకి వెళ్ళడం కల్ల.

ఆ మర్నాడు ఇప్పుడు తెల్లవారింది.

లక్ష్మణుడు పొద్దున్నే తాలింఖానాకి వెళ్ళాడు. గురువులు మట్టి గోదాలో నీళ్ళు చల్లుతున్నాడు. రోజూ చేసే పనే. పిల్లలొక్కరూ రాలేదు. వాళ్ళ తండ్రులు పంపలేదు. ఆయన నీళ్ళ చెంబు కింద పెట్టి, తలెత్తకుండానే అడిగాడు.

"ఒరే, నువ్వు కూడా నమ్మేవేట్రా?"

"నేదు ఉస్తాదూ" అన్నాడు లక్ష్మణుడు. అన్నాడు గాని, ఆ మాట రావడానికి ఒక్క క్షణం ఆలస్యమయింది. ఆ క్షణం ముసలాయనకి తెలిసిపోయింది. చెంబు తీసుకుని మళ్ళీ నీళ్ళు చల్లడం మొదలుపెట్టాడు. లక్ష్మణుడికి అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది. తన్ను తానే చెంపమీద కొట్టుకోవాలనిపించింది.

ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. రైలు కట్ట పక్కన కళాసీల పాకల్లో వాళ్ళది చివరి పాక. లక్ష్మణుడు గూడ్స్ షెడ్డులో బస్తాలు మోస్తాడు. భార్య అప్పమ్మ గుణుపురం దగ్గర రైతుల ఇంటి పిల్ల. ఇక్కడికొచ్చాక గణపతిరావు సావుకారి కొట్లో చింతపండు గింజ తీసే పనికి కుదిరింది. ఆమె రాగుల సోడంబలి గిన్నె తెచ్చి మొగుడి ముందు పెట్టి, తను గడప లోపలే నిలబడింది.

"మావా, ఉస్తాదు ఏటీ సెయ్యనేదు" అంది.

"నాకు తెల్దేటి?"

"నీకు తెల్దు. నాకు తెలుసు. ప్లేట్లు బాగానే ఉన్నాయి. కాటాయే మంచిది కాదు."

లక్ష్మణుడు నోటిదాకా ఎత్తిన గిన్నె దించేశాడు.

ఆ కాటా గణపతిరావుది. తాలింఖానాకి అధ్యక్షుడాయనే, లక్ష్మణుడికి రోజూ పాలూ గుడ్లూ ఇచ్చేదీ ఆయనే. పోటీకి మంచి కాటా కావాలని రామలింగం గారు ఉత్తరం రాస్తే, గణపతిరావు తన కొట్లో దొరల కాలంనాటి కాటాని స్టేజీ మీదికి పంపాడు. ఇనప పలక మీద సరుకు పెట్టి, పైన కర్రకి తూకం బిళ్ళలు వేలాడదీసి, కర్ర సమంగా నిలిచినచోట బరువు చదివే కాటా అది.

"ఆ వేలాడదీసే బిళ్ళలు రెండు పెట్టెలున్నాయి మావా" అంది అప్పమ్మ. "ఒకటి అమ్మకం పెట్టె. ఒకటి కొనుబడి పెట్టె. కొనుబడి బిళ్ళల్లో తొలిచి సీసం పోసేరు. కొండోళ్ళు పసుపు తెచ్చినా, వలిసె గింజలు తెచ్చినా, ఆటితోనే తూస్తారు. బిళ్ళ బరువైతే సరుకు తేలికైపోద్ది. మణుగు మీద రెండు సేర్లు పోతాది."

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?"

"సెప్తే నీ పాలెక్కడివి? నీ గుడ్లెక్కడివి?" ఆమె గొంతు కాస్త లేచి వెంటనే తగ్గిపోయింది. "మా నాన్న కూడా ఆ కాటాకే ధాన్యం ఏసేడు. ఇంటికాడ కుంచంతో కొలుసుకుని వచ్చి, ఇక్కడ తగ్గిపోతే, దారిలో బస్తా కారిపోనాదనుకున్నాడు. నోరు మూసుకునే ఉన్నాను."

లక్ష్మణుడు అప్పటికే లేచి పై తుండు భుజాన వేసుకున్నాడు. ముఖం విప్పారిపోయింది పాపం. ఇనుము తగ్గలేదు, కాటా తగ్గించింది. ఉస్తాదు దొంగ కాదు, తను ఎత్తింది ఎత్తినట్టే. ఇంతకంటే ఏం కావాలి?

"మావా" అని పిలిచింది అప్పమ్మ వెనకనుంచి. "ఉస్తాదుని గట్టెక్కించు. సాలు. ఆ పెట్టె అక్కడికెలా వచ్చిందని మాత్రం తవ్వకు."

"ఏటి?"

"ఏటీ నేదు. ఎల్లు. బేగెల్లు."

తొందరలో ఉన్నాడు కదా, ఆ మాట అతని చెవిలో పడింది గాని బుర్రలో పడలేదు.

గణపతిరావు కొట్టు ముందు కాశీపూర్ కొండల మీదనుంచి దిగిన పదిమంది పసుపు బస్తాలు దించుకుని కూర్చున్నారు. లక్ష్మీపూర్ హాటు సంతలో అమ్ముడుపోని సరుకు ఇక్కడికి మోసుకొచ్చారట. కాటా స్టేజీ మీద ఉండిపోయింది కాబట్టి కొనుబడి ఆగింది. గణపతిరావు పీటమీద కూర్చుని, లక్ష్మణుణ్ణి చూడగానే లోపలికి కేకేశాడు.

"లచ్చన్నకి పాలు పట్టుకురండర్రా! రా, కూకో. పోయిందానికి ఏడిస్తే రాదు. ఒళ్ళు పాడుచేసుకోకు."

"సావుకారూ, పోటీకి ఏ పెట్టె వచ్చింది? కొనుబడిదా, అమ్మకందా?"

గణపతిరావు ముఖంలో నవ్వు చెక్కు చెదరలేదు. గుమాస్తాని ఏదో పని చెప్పి బయటికి పంపేశాడు. పాలగ్లాసు వచ్చింది. లక్ష్మణుడు ముట్టుకోలేదు.

"కొనుబడి పెట్టే" అన్నాడు సావుకారు నెమ్మదిగా. "నీ దగ్గర దాచేదేటుంది? నిన్న బార్ తూచినప్పుడే నాకు తెలిసిపోయింది. కుర్చీలోంచి లేద్దామనుకున్నాను. లేచి ఏటని సెప్పాలి? నా కాటా దొంగదని మైకులో సెప్పాలా? అదుగో, ఆళ్ళందరి ముందరా?" అని వీధిలో పసుపు బస్తాలవైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఉస్తాదు పరువు పోతంది."

"నాకు బాధ నేదనుకున్నావా? గురువులూ నానూ చిన్నప్పుడు ఒక్క గోదాలో కుస్తీలు పట్టినోళ్ళం."

"అయితే రండి. రామలింగం బాబుకి సెప్పీండి. ఒక్క మాట. నా రికార్డు నాకొస్తాది, ఉస్తాదు పేరు ఆయనకొస్తాది."

అప్పుడు నవ్వాడు గణపతిరావు, నిజంగా జాలిపడి నవ్వినట్టు.

"నీ రికార్డా? ఒరే పిచ్చోడా! నిన్న పొద్దున ఆ కాటా మీద బార్ కంటే ముందు తూచింది దేన్నిరా?"

లక్ష్మణుడికి అర్థం కాలేదు.

"నిన్నేరా! నిన్ను తూచేరు. నూట ముప్ఫై పౌన్లు చూపించింది. ఫెదర్‌వెయిట్‌కి హద్దెంత? నూట ముప్ఫై రెండు. హద్దులోనే ఉన్నావన్నారు, చప్పట్లు కొట్టేరు. ఆ తూకం వేసింది కూడా ఆ బిళ్ళల తోటే. బార్‌ని తగ్గించి చూపించిన కాటా నిన్నొక్కణ్ణీ సరిగ్గా చూపిస్తాదేటి?"

లక్ష్మణుడు గ్లాసు పక్కనే పీటమీద కూర్చుండిపోయాడు.

మొన్నటి సంగతి కళ్ళముందు తిరిగింది. పోటీకి ముందురోజు గూడ్స్ షెడ్డు కాటా మీద ఎక్కి చూసుకుంటే నూట ముప్ఫై ఎనిమిది. హద్దుకి ఆరు పౌన్లు ఎక్కువ. అంతకు ముందురోజు నుంచే తిండి లేదు, నీళ్ళు లేవు. ఎర్రటి ఎండలో దుప్పటి కప్పుకుని రైలు కట్ట మీద పరుగెత్తాడు. చింతపండు చప్పరించి ఉమ్మేశాడు. సాయంత్రం గుమ్మంలో కళ్ళు తిరిగి పడిపోతే అప్పమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, చెంబుడు నీళ్ళు పెదాల దగ్గర పెట్టి ఏడ్చింది. తాగనన్నాడు. తెల్లారి కాటా నూట ముప్ఫై చూపించేసరికి, ఒక్క రాత్రిలో ఇంత దిగడమేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ చలవ అన్నారు. తనూ అదే అనుకున్నాడు. రికార్డు కొట్టగానే అమ్మవారికి కొబ్బరికాయ కొట్టడానికి మొక్కుకున్నాడు కూడా.

"కాటా మంచిదైతే బార్ తక్కువ. కాటా దొంగదైతే నువ్వెక్కువ" అన్నాడు గణపతిరావు. "పై తరగతిలో పడతావు. అక్కడ రికార్డు నీ తల మీద ఇంకో నిలువెత్తు ఉంది. ఎటు చూసినా నిన్నటిది నీది కాదు. పోయింది, పోనీ. ఇక మిగిలినదేటి? మార్చిలో కటకం. దానికి నిన్ను పంపే పూచీ నాది. పాలు, గుడ్లు, రైలు టిక్కెట్టు, అన్నీ. గురువులుతో నాను మాటాడతాను. ప్లేట్లు ఆడే రుద్దేడని, కుర్రాడికి తెల్దని ఒక్క ముక్క ఒప్పుకుంటే నిన్ను వదిలేస్తారు. ముసలాడు. ఇంకే పోటీకెళ్ళాలి? ఆడికి పోయేదేటి?"

"ఆయన పేరు పోదా?"

"పేరుతో కుళాయిలు బిగిస్తాడేటి?"

లక్ష్మణుడు లేచాడు. ఇదే సావుకారు తనకి టైఫాయిడు వస్తే మనిషిని పార్వతీపురం పంపి మందులు తెప్పించాడు. అదీ నిజమే, ఇదీ నిజమే. మనుషులు ఒక్క తూకానికి నిలబడి ఉంటే ఈ కథ నాకూ మీకూ ఎప్పుడో అయిపోయేది.

"లచ్చన్నా" అన్నాడు గణపతిరావు గుమ్మం దాటుతున్నవాణ్ణి చూసి. ఈసారి గొంతులో జాలి లేదు. "ఎక్కువ కెలక్కు. కెలికితే నీ ఇంటి గుట్టే బయటికొస్తాది. తరవాత నన్ననకు."

స్టేషను రోడ్డంతా లక్ష్మణుడు కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు. నిజం చెబితే తనకి వచ్చేది సున్న. రికార్డు పోతుంది, సావుకారి దయ పోతుంది, కటకం పోతుంది. చెప్పకపోతే గురువులు ఒప్పుకునేస్తాడు. అది మాత్రం ఖాయం. పెంచిన పిల్లాడి కోసం ఆ ముసలాయన దొంగ అనిపించుకోవడానికి క్షణం కూడా వెనకాడడు. పొద్దున "నువ్వు కూడా నమ్మేవేట్రా" అని అడిగినవాడు మధ్యాహ్నానికల్లా "అవును, నానే" అంటాడు. ఆ ఊహ రాగానే, తాలింఖానా వైపు తిరగాల్సినవాడు గూడ్స్ షెడ్డు వైపు తిరిగాడు.

గూడ్స్ షెడ్డులో రైల్వే కాటాని సరిచూసుకునే గుండ్లు రెండున్నాయి. ఒక్కొక్కటి యాభయ్యారు పౌన్లు, మీద సర్కారు ముద్ర. రైలు కాటాని నేలలో పాతేశారు కాబట్టి ఊడదీసి తేవడానికి లేదు. ముద్ర వేసిన బార్‌ని స్టేజీ దింపి అక్కడికి మోసుకెళ్ళడానికీ లేదు. గుండ్లయితే తేవచ్చు. విషయం విన్న గూడ్సు బాబు కాసేపు నసిగి, రైల్వే సొత్తు కాబట్టి తనూ వెంట వస్తానన్నాడు. లక్ష్మణుడు రెండు గుండ్లనీ చెరో భుజాన పెట్టుకుని మైదానానికి బయలుదేరాడు. జీవితంలో అంత బరువు ఎప్పుడూ మొయ్యలేదనిపించింది.

మైదానంలో అప్పటికే జనం చేరారు. వింత చూడాలంటే మనవాళ్ళకి ఎవరూ కబురు పెట్టక్కర్లేదు. రామలింగం గారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆయన ఎదుట గురువులు తుండుగుడ్డ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. గణపతిరావు అడ్డదారిన ముందే వచ్చి మొదటి వరస కుర్చీలో కూర్చున్నాడు. వెనకే ఆ పసుపు బస్తాల కొండవాళ్ళు కూడా వచ్చి దూరంగా గొంతుక్కూర్చున్నారు. కాటా ఎప్పుడు తిరిగొస్తుందో వాళ్ళకీ కావాలి కదా.

"నానే బాబూ, నానే..." అంటున్నాడు గురువులు అప్పుడే.

"ఉస్తాదూ!" లక్ష్మణుడు గుండ్లు రెండూ స్టేజీ మీద దభీమని దించాడు. "మాటాడకు. బాబూ, ఇవి రైల్వే గుండ్లు. సర్కారు ముద్ర చూసుకోండి. ముందు ఇవి తూయండి. ఆ తరవాత ఎవులు దొంగో సెప్పండి."

రామలింగం గారు గుండ్ల వంక చూసి, కాటా వంక చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఈ పని నేను నిన్న పొద్దున్నే చెయ్యాల్సింది" అన్నారు. "పోటీకి ముందు ముద్ర గుండ్లతో కాటాని పరీక్ష చెయ్యాలని రూలుంది. అధ్యక్షుల వారి కాటా కదా, మళ్ళీ అనుమానిస్తే బావుండదని ఊరుకున్నాను. తప్పు నాది."

గుండ్లు కాటా ఎక్కాయి. నూట పన్నెండు తూగాల్సినవి నూట ఆరున్నర దగ్గర ఆగిపోయాయి. రామలింగం గారు మళ్ళీ చూశారు. పక్కనున్న రిఫరీలిద్దరూ చూశారు. చేతులకి రాసుకునే సుద్దముక్క తీసుకుని, ఆయన స్టేజీ పలక మీదే లెక్క వేశారు. లెక్క అయ్యాక చాలాసేపు లేవలేదు.

"ఈ లెక్కన బార్‌లో ఇనుము ఇనుములాగే ఉంది" అన్నారు చివరికి. "రవ్వంత కూడా ఎవరూ ముట్టుకోలేదు. గురువులు గారూ, నన్ను మన్నించాలి."

గురువులు మెల్లిగా బార్ దగ్గరికి నడిచి, లక్క ముద్రల పక్కన ప్లేటు మీద చెయ్యి వేసి నిమిరాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని వెనకనుంచి చూసినవాళ్ళకి కూడా తెలిసింది. నిన్న ముఖం తిప్పుకున్నవాళ్ళే "ఉస్తాదుకీ జై!" అన్నారు. అంతలోనే ఎవడో "రికార్డు! రికార్డు మనదే!" అని అరిచాడు. నలుగురు కుర్రాళ్ళు లక్ష్మణుణ్ణి భుజాల మీదికి ఎత్తబోయారు.

వాళ్ళ చేతులు విదిలించుకుని లక్ష్మణుడు కాటా దగ్గరికి వెళ్ళాడు.

"నన్నూ తూయండి బాబూ" అన్నాడు.

రామలింగం గారి చేతిలో సుద్దముక్క విరిగింది. ఆ లెక్క ఆయనకి ఇందాకే తట్టింది. తట్టినా, నోటితో అనడానికి మనసొప్పలేదు. ఇప్పుడు కుర్రాడే అడిగాక తూచక తప్పలేదు. కాటా నూట ముప్ఫై ఒకటి చూపించింది. సుద్దతో లెక్క కట్టి, హద్దుకి అయిదు పౌన్ల పైన ఎక్కువ అని ఆయన ఎంత మెల్లిగా చెప్పినా మైదానమంతా వినిపించింది. నిన్న పొద్దున కూడా అటూ ఇటుగా అంతే ఉండి ఉండాలి. రికార్డు లేదు. నిన్నా లేదు, ఇవాళా లేదు.

లక్ష్మణుడు కాటా దిగాడు. బాధగానే ఉంది, కాని ఉస్తాదు తనవైపు చూస్తున్నాడు. ఆ చూపు చాలనుకున్నాడు.

అక్కడితో అయిపోతే ఎంత బావుండును!

గణపతిరావు కుర్చీలోంచి లేచాడు.

"రామలింగం గారూ, కాటా నాదే, ఒప్పుకుంటాను. మా కొట్లో పనికిరాని పాత బిళ్ళల పెట్టె ఒకటుంది. మూలన పడేశాం. నేను పంపమన్నది మంచి పెట్టె. మరి ఆ పాత పెట్టె ఇక్కడికెలా వచ్చింది? దానివల్ల లాభం ఎవరికి? ఒంట్లో బరువెక్కువుండి తరగతి దక్కదని భయపడ్డవాడికి. కాటాని మా కొట్లోంచి భుజాన వేసుకుని ఇక్కడికి మోసుకొచ్చిందెవరో అడగండి."

జనం గుసగుసలు మొదలెట్టారు. ఒక్క క్షణం క్రితం భుజాల మీదికి ఎత్తబోయిన కుర్రాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎవరు తెచ్చారు?" అన్నారు రామలింగం గారు.

"నానే బాబూ" అన్నాడు లక్ష్మణుడు.

"పెట్టె కూడా నువ్వే తీశావా?"

అప్పుడు గుర్తొచ్చింది లక్ష్మణుడికి. పోటీ ముందురోజు పొద్దుగూకే వేళ, గుమ్మంలో పడిపోయి లేచాక, కాటా మోసుకెళ్ళడానికి సావుకారి కొట్టుకి వెళ్ళాడు. తోడుగా అప్పమ్మా వచ్చింది. దాహంతో కళ్ళు మసకలు కమ్ముతుంటే కొట్టు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి పెట్టె పట్టుకొచ్చి, తాడుతో కాటాకి కట్టి, ముడి బిగించి, "ఇదే మావా, ఇదే పట్టుకెల్లు" అని చెప్పింది సావుకారు కాదు, గుమాస్తా కాదు. పొద్దున గడపలో నిలబడి ఆమె అన్న మాట ఇప్పుడు బుర్రలో పడింది.

గిర్రున తిరిగి చూశాడు. పందిరి గుంజ పక్కన అప్పమ్మ నిలబడి ఉంది. చంకలో నీళ్ళబిందె. మొగుడికి దాహమేస్తుందని తెచ్చినట్టుంది.

"నానే తీసేను బాబూ" అన్నాడు లక్ష్మణుడు గబగబా. "పెట్టె నానే తీసేను. తెలిసే తీసేను. ఏటి రాసుకుంటారో రాసుకోండి."

"అబద్ధం!" అంది అప్పమ్మ.

బిందె కింద పెట్టి ముందుకొచ్చింది. ఆడమనిషి స్టేజీ దగ్గరికి రావడం ఆ పోటీల్లో ఎవరూ చూడలేదు. జనం దారిచ్చారు.

"ఈ మనిషికేటీ తెల్దు. కొనుబడి పెట్టె నానే ఇచ్చినాను."

"కొనుబడి పెట్టంటే ఏటి?" దూరంగా గొంతుక్కూర్చున్న కొండవాళ్ళలో ఒక పెద్దాయన వచ్చీరాని తెలుగులో అడిగాడు. అడుగుతూనే లేచి నిలబడ్డాడు. ఆయన పక్కనున్నవాళ్ళూ ఒక్కొక్కరే లేచారు.

"నోర్ముయ్యవే!" గణపతిరావు అరిచాడు. ఆయన అరవడం రాయగడలో అదే మొదటిసారి.

రామలింగం గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఆయన గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"ఎందుకిచ్చావమ్మా?"

అప్పమ్మ ఆయన వంక చూడలేదు. స్టేజీ మీద లక్క ముద్రల మధ్య పడున్న బార్ వంక చూసింది, దాన్ని ఎత్తిన మొగుడి వంక చూసింది.

"రెండు దినాలై గుక్కెడు నీళ్ళు తాగనేదు బాబూ ఈ మనిషి. నా ఒళ్ళో కళ్ళు తేలేసేడు. మనిషినే తూస్తారనుకున్నాను. ఇనుముని కూడా తూస్తారని నాకేటి తెలుసు?"